అన్నం తగ్గిస్తే అమ్మ అలుగుతోంది: బరువు, ఇష్టమైన తిండి గురించి మీ ఇళ్లలో ఏం జరుగుతోంది?

రాత్రిషిఫ్ట్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. డైట్ చార్ట్ అడగడానికి రాలేదు, అవి ఫోన్‌లో కావలసినన్ని ఉన్నాయి.

ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఈసారి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 26, నడుము 96 సెంటీమీటర్లు వచ్చాయి. రిపోర్టులో 'ఒబీస్', అంటే ఊబకాయం అని రాశారు. ఆ వారమే తెనాలి వెళ్తే అమ్మ 'ఏంట్రా ఇలా చిక్కిపోయావు' అంది. ఎవరిని నమ్మాలి?

నా తిండి సంగతి కూడా చెప్తాను. రాత్రి ప్రొడక్షన్ ఇష్యూ వస్తే తేలేసరికి రెండు దాటుతుంది. ఆకలి ఉండదు, అయినా బిర్యానీ ఆర్డర్ పెడతాను. అది తింటే గానీ టెన్షన్ దిగదు. ఊరెళ్తే ముద్దపప్పు, కొత్తావకాయ, వద్దంటున్నా పోసే నెయ్యి. మారు వడ్డించుకోకపోతే 'నా చేతి వంట ఎక్కడం లేదా' అని మొహం ముడుచుకుంటుంది. నేను కలిసిన డైటీషియన్ మాత్రం 'వైట్ రైస్ బంద్' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బరువు తగ్గాలంటే ఇష్టమైన తిండితో, ఇంట్లోవాళ్లతో తగువు పెట్టుకోవాల్సిందేనా?

కారప్పొడి (గుంటూరు)

తమ్ముడూ, వైట్ రైస్ బంద్ అనేవాళ్లు మా జిల్లాలో ప్రాక్టీసు పెట్టుకోలేరులే. మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడు. ఎనభై దాటి బతికాడు, పొట్ట అన్నదే లేదు. పాపం అన్నానిది కాదు, సాయంత్రం మిరపకాయ బజ్జీల బండిది.

ఓరుగల్లు_చిన్నోడు (హనుమకొండ)

కారప్పొడి అన్నా, మీ తాత పొద్దున్నే చేలోకి పోయేవాడా, ఏసీ గదిలో కుర్చీలో కూర్చునేవాడా? ఆ సగం చెప్పకుండా మూడు పూటల లెక్క చెప్తే ఎట్లా?

మా నానమ్మ వాళ్లకు అసలు రోజూ అన్నమే లేదు. జొన్న రొట్టె, జొన్న గటక, మక్క గటక. వరి అన్నం పండగకో, చుట్టాలొస్తేనో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక మా ఊళ్లో చాలా ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. ఆ పథకాన్ని నేను తప్పు పట్టను. ఆకలి చూసినవాళ్లను అడిగితే దాని విలువ తెలుస్తుంది. కానీ ఒకటి గమనించాను. కంచం నిండా అన్నం పెడితేనే మర్యాద, మారు అడిగితేనే ప్రేమ అనే పద్ధతి ఆ కరువు రోజుల్లోది. రోజులు మారాయి, పద్ధతి మారలేదు. రాత్రిషిఫ్ట్ అన్న వాళ్లమ్మ నెయ్యి పోసేది అందుకే అనుకుంటా. ఆమెకు బీఎంఐ చెప్తే ఏం అర్థమవుతుంది?

పోషకాహారం_పద్మ (విశాఖపట్నం)

నేనూ డైటీషియన్‌నే, కొట్టకండి.

రాత్రిషిఫ్ట్ గారూ, మీ అమ్మగారు మొహం చూసి చెప్పారు, రిపోర్టు నడుం చూసి చెప్పింది. రెండూ నిజం కావచ్చు. అంతర్జాతీయంగా బీఎంఐ 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం అంటారు. మన దేశంలో 2009లో నిపుణులు ఆ గీతలను 23కు, 25కు దించారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదన్నారు. ఎందుకంటే అదే బరువున్న యూరప్ మనిషి కంటే మనకు కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. ఆ కొవ్వు కూడా ఎక్కువగా పొట్ట దగ్గరే చేరుతుంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో పక్కపక్కన వేశారు. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ సన్నమే.

ఇది మీ ఒక్కరి గొడవ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25, అంతకు పైన ఉన్న ఆడవాళ్లు దేశంలో 24 శాతం, తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36. మగవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ 31, 32 దగ్గర ఉన్నారు.

ఇక వైట్ రైస్ బంద్ సంగతి. నేనైతే అలా చెప్పను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 కిలోక్యాలరీల రోజుకు బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. ఇవన్నీ వండక ముందు తూకాలు. మన ఇళ్లలో కూర నంజుకోవడానికి, అన్నం కడుపు నింపడానికి. ముద్దపప్పు అన్నంలో పప్పు ఒక గరిటె, అన్నం నాలుగు గరిటెలు. దాన్ని రెండుకు రెండు చేసి, పక్కన దొండకాయో బీరకాయో ఒక కప్పు పెట్టుకుంటే ఆవకాయను వెలివేయాల్సిన పని లేదు.

సీమబిడ్డ (అనంతపురం)

ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి 'రాగి సంకటి తినండి, సన్నబడతారు' అంటారు. నేను పుట్టింది సంకటి తినే ఇంట్లోనే కాబట్టి ముందే చెప్తున్నా. మా ఊళ్లో ముద్దలు ముద్దలు సంకటి, నాటుకోడి పులుసు తిని మధ్యాహ్నం నిద్రపోయే బావలు ఉన్నారు. వాళ్ల పొట్టలు మీ బిర్యానీ పొట్టలకు ఏమీ తీసిపోవు.

పోషకాహారం_పద్మ

సీమబిడ్డ గారు చెప్పింది నిజం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 320 కిలోక్యాలరీలు, జొన్నల్లో 335, తెల్ల బియ్యంలో 355. తేడా ఆ కాస్తే. రాగిలో కాల్షియం, పీచు బాగా ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకు ఆ పీచు మేలు చేస్తుంది. అందుకోసం తినండి. ఎంత తిన్నా పర్వాలేదని మాత్రం తినకండి.

సూటిమాట (బెంగళూరు)

ఇంత చర్చ దేనికి? తక్కువ తిను, ఎక్కువ నడువు, అంతే. నోరు కట్టుకోలేక అమ్మ మీద, ఎన్టీఆర్ మీద, కరువు మీద తోసేస్తున్నారు. అన్నీ సాకులు.

శారద_గోదారి (రాజమహేంద్రవరం)

సూటిమాట గారూ, మీకు చుట్టాలు లేరా?

నోరు కట్టుకోవడం గురించి మాలాంటి ఆడవాళ్లను అడగండి. పదో తరగతిలో 'పిల్ల బొద్దుగా ఉంది, పెళ్లికి కష్టం' అన్నారు. మధ్యాహ్నం అన్నం తగ్గించాను. డిగ్రీలో 'ఎండు పుల్లలా ఉంది, పిల్లలు పుడతారా' అన్నారు. పెళ్లిచూపుల్లో ఒకాయన అమ్మాయి బరువెంత అని మా నాన్నను అడిగాడు, గేదె పాలు ఎన్ని లీటర్లని అడిగినట్టు. నేను కడుపుతో ఉంటే అత్తగారు 'ఇద్దరి కోసం తినాలి' అని దగ్గర కూర్చుని తినిపించారు. కాన్పయ్యాక కాయం (బాలింతలకు పెట్టే లేహ్యం), వెల్లుల్లి కారం, నెయ్యి. కూరగాయలు వాతం, మంచినీళ్లు ఎక్కువ తాగకూడదు. అలా నెలల తరబడి గదిలో కూర్చోబెట్టి, బిడ్డ నడిచే వేళకు 'ఏంటే ఇంత ఒళ్లు చేశావ్' అన్నది కూడా వాళ్లే. పెట్టినవాళ్లూ వాళ్లే, వేలెత్తి చూపించినవాళ్లూ వాళ్లే.

అప్పుడు నేనేం చేసేదాన్నో తెలుసా? అందరి ముందు చారన్నం, అందరూ పడుకున్నాక డబ్బాలో జంతికలు, సున్నుండలు. ఆకలితో కాదు. ఎవరూ చూడకుండా, ఎవరూ ఏమీ అనకుండా తినడం ఒక్కటే నాకు మిగిలిన సుఖం. ఇప్పటికీ ఎవరైనా నా ఒంటి గురించి మాటంటే ముందు చెయ్యి పోయేది డబ్బా మీదికే. మా తోడికోడలు కూడా ఇంతే అని ఈమధ్యే తెలిసింది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటూ వేరువేరు డబ్బాలు దాచుకున్నాం.

కాబట్టి రాత్రిషిఫ్ట్ తమ్ముడూ, అన్నం ఎన్ని గరిటెలన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు భోజనాల దగ్గర ఒకరి ఒంటి గురించి ఒకరు మాట్లాడటం ఆపించు. మా ఇంట్లో నేను ఆపించాను. అత్తగారికి కోపం వచ్చింది, తగ్గింది కూడా.

కారప్పొడి

శారదక్కా, దండం.

సూటిమాట

సరే, మీ బాధ అర్థమైంది. కానీ శరీర ధర్మం మారదు కదా? లోపలికి వెళ్లింది ఖర్చు కాకపోతే కొవ్వే అవుతుంది.

పోషకాహారం_పద్మ

అవుతుంది, దాన్ని ఎవరూ కాదనడం లేదు. మనిషి ఎందుకు ఎక్కువ తింటున్నాడన్నదే ప్రశ్న. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు తామే ముందుకొచ్చారు. ఆరు నెలలపాటు వాళ్లకు అవసరంలో సుమారు సగమే తిండి పెట్టారు. కొన్నాళ్లకు వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదివారు, కలల్లోనూ తిండే. ఆంక్ష ఎత్తేశాక కడుపు నిండినా ఆగలేకపోయారు. వాళ్లు బలహీనమైన మనసున్నవాళ్లు కాదు, ఏరి తెచ్చిన దృఢమైన మనుషులు. మీరనే నోరు కట్టుకోవడం గట్టిగా చేస్తే చాలామందికి అదే జరుగుతుంది. శారద గారి డబ్బా కూడా అదే.

మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, కొన్ని మానసిక వైద్యంలో ఇచ్చే మందులు. అలాగని మీరే ఆపేయకండి, డాక్టర్‌తో మాట్లాడండి. థైరాయిడ్ మీద అందరూ తోస్తారు గానీ దానివల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే.

శారద గారి పాయింటు మీద ఒక మాట. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కిలోక్యాలరీలు కావాలి, అది నిజమే. కూరగాయలు, నీళ్లు మానాల్సిన అవసరం మాత్రం లేదు. నీళ్లు ఇంకా ఎక్కువే కావాలి.

మోడరేటర్

పైన రెండు పోస్టులు తీసేశాం. 'పొద్దున షేక్ తాగండి, నెలకు పది కిలోలు' అంటూ ఫోన్ నంబర్లు పెట్టినవాళ్లకు ఇదే చివరి హెచ్చరిక. కొబ్బరి నూనె డైట్ మంచిదా చెడ్డదా అనే గొడవకు వేరే చర్చ ఉంది, దాన్ని ఇక్కడికి లాగొద్దు.

టెక్సాస్_చెల్లి (డల్లాస్)

ఇక్కడికొచ్చిన కొత్తలో నేను వంట చేసేదాన్నే కాదు. ఒంటరితనం పట్టుకున్నాక రోజూ పులిహోర, గోంగూర పచ్చడి, ఏదో ఒకటి. మన ఊరి వాసన రావాలి, అంతే. అమ్మ వచ్చినప్పుడల్లా సూట్‌కేసు నిండా పొడులు, అరిసెలు. అరిసె కొరికితే ఆ పూటకు వీసా టెన్షన్ మర్చిపోయేదాన్ని. పాతిక కిలోలు పెరిగాను.

ప్రీ డయాబెటిస్ (షుగర్ వచ్చే ముందు దశ) అని తేలాక డాక్టర్ వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ రాశారు. సెమాగ్లుటైడ్. ఇక్కడ బరువు కోసం దీన్ని 2021లో అనుమతించారు. ఇండియాలో కూడా 2025లో ఇదే మందు వెగోవీ పేరుతో, ఇలాంటిదే ఇంకో మందు మౌంజారో పేరుతో వచ్చాయి కదా. బరువు తగ్గింది, షుగర్ దారికొచ్చింది, కాదనను. మొదట్లో వికారం మాత్రం చంపేసింది. కానీ నేను అనుకోనిది ఇంకోటి జరిగింది. ఆవకాయ జాడీ మూత తీస్తే నోట్లో నీళ్లు ఊరడం లేదు. అమ్మ వీడియో కాల్‌లో 'ఈ ఏడు కాయ బాగా కుదిరింది, పంపనా' అంటే ఏం చెప్పాలో తెలియలేదు. బుర్రలో ఎప్పుడూ తిరిగే తిండి గోల ఆగిపోయింది, హాయిగానే ఉంది. దాంతోపాటు అమ్మతో మాట్లాడే మాటల్లో సగం ఆగిపోయాయి. మేమిద్దరం ఏం తిన్నావు, ఏం వండావు తప్ప వేరే ఏం మాట్లాడుకోలేదని అప్పుడు తెలిసింది. ఇది ఎవరికైనా జరిగిందా?

ఓరుగల్లు_చిన్నోడు

మా మేనమామ ఇదే ఇంజెక్షన్ తీసుకుంటున్నాడు. సంక్రాంతికి సకినాలు చేస్తే రెండు తిని లేచాడు. ఆయన బాగానే ఉన్నాడు, చేసిన అత్తమ్మే ఏడ్చింది.

పోషకాహారం_పద్మ

చెల్లీ, ఆ మందు చేసే పనుల్లో అదొకటి. ఆకలిని, తిండి మీద ఆశను రెండింటినీ తగ్గిస్తుంది. కండ కరగకుండా పప్పు, గుడ్డు, పెరుగు తప్పకుండా తీసుకో, బరువులెత్తే వ్యాయామం చెయ్యి. ఆపాలనుకుంటే డాక్టర్‌ను అడిగే ఆపు. ఒక పెద్ద అధ్యయనంలో మందు ఆపినవాళ్లకు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఇక్కడ చదివేవాళ్లకు: స్నేహితుడు వాడుతున్నాడని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదు ఇది.

అమ్మతో మాటల సంగతి నా సబ్జెక్టు కాదు. ఆవకాయ పంపమనే చెప్పు. ఒక బద్ద తిను, మిగతాది స్నేహితులకు పంచు.

ఇంటర్_అమ్మ (నెల్లూరు)

ఇక్కడ అడగొచ్చో లేదో. మా అమ్మాయి ఇంటర్ సెకండ్ ఇయర్. ఎండాకాలంలో వాళ్ల బాబాయి 'ఏమ్మా, నాన్న సంపాదనంతా నువ్వే తింటున్నావా' అని నవ్వాడు. అప్పటి నుంచి అన్నం ముట్టడం లేదు. యాపిల్ ముక్కలు, బ్లాక్ కాఫీ. మొదట్లో మేము మెచ్చుకున్నాం. ఇప్పుడు జుట్టు రాలుతోంది, నెలసరి రెండు నెలలుగా రాలేదు. బలవంతంగా తినిపిస్తే బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంటోంది.

పోషకాహారం_పద్మ

అమ్మా, ఇది డైట్ కాదు. ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. నెలసరి ఆగడం, జుట్టు రాలడం, తిన్నాక బాత్రూంలోకి వెళ్లడం మూడూ ఆయనకు చెప్పండి. రక్తపరీక్షలతో పాటు మానసిక వైద్యుల సాయం కూడా అవసరమవుతుంది, దానికి సిగ్గుపడకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. పాపకు కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కంచం దగ్గర గొడవ వద్దు. బాబాయి గారితో మాత్రం మీరే మాట్లాడండి, పాప ముందు కాదు.

శారద_గోదారి

ఆ పిల్లతో మాట్లాడటానికి ఎవరైనా కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి అక్కా. ఆ బాబాయితో మాట్లాడటానికైనా సరే.

రాత్రిషిఫ్ట్

అందరూ రాసింది చదివాను. మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మకు నెయ్యి వద్దని చెప్పలేదు. పప్పు రెండు గరిటెలు వెయ్యి, అన్నం మాత్రం ఇంతే అని ముందే గిన్నెలో తీసుకున్నాను. 'నా వంట ఎక్కలేదా' అనే ప్రశ్న రాలేదు, ఎందుకంటే పప్పు మారు వడ్డించుకున్నాను. అన్నం గురించి మాత్రం కాస్త గొణిగింది. బిర్యానీ విషయం అంత సులభంగా తేలలేదు. అర్ధరాత్రి ఇష్యూ వచ్చిందంటే చెయ్యి ఆ యాప్ మీదికే పోతోంది.

పోషకాహారం_పద్మ

నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది, అదీ నూనె, తీపి ఉన్నవాటి మీదికే మనసు పోతుంది. షిఫ్ట్ మొదలవకముందే సరిగ్గా భోజనం చేయండి. రాత్రికి పెరుగన్నమో, ఉడికించిన గుడ్లో దగ్గర పెట్టుకోండి. బిర్యానీని పగలు, నలుగురితో కలిసి, ఆకలిగా ఉన్నప్పుడు తినండి. రుచి కూడా అప్పుడే తెలుస్తుంది.

సీమబిడ్డ

పద్మ గారూ, అన్నం లెక్క అర్థమైంది. నూనె లెక్క చెప్పండి. మా ఇంట్లో నలుగురం, అందరం పెద్దవాళ్లమే.

పోషకాహారం_పద్మ

ఆ 2000 కిలోక్యాలరీల పళ్లెంలోనే నూనె, నెయ్యి అన్నీ కలిపి మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురికి నెలకు 3 కిలోల 240 గ్రాములు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. నెయ్యి కూడా అందులోనే. బయట తినే బజ్జీలు, బిర్యానీ నూనె కూడా అందులోంచే పోవాలి. నెల మొదట్లో డబ్బా కొన్న తేదీ మూత మీద రాసి పెట్టుకోండి. గరిటె గరిటె లెక్కపెట్టే బాధ ఉండదు.

కారప్పొడి

మా ఇంట్లో నలుగురమే, ఐదు లీటర్ల డబ్బా ఇరవయ్యో తారీఖుకు ఖాళీ. డౌటు: ఆవకాయ మీద తేలే నూనె ఈ లెక్కలోకి వస్తుందా?

పోషకాహారం_పద్మ

జాడీలో ఉన్నంత సేపు రాదు. అన్నంలో కలుపుకుంటే వస్తుంది. ఒక టేబుల్ స్పూను నూనె సుమారు 120 కిలోక్యాలరీలు.

కారప్పొడి

అయితే ఈ ఏడు మా ఆవిడ చేత నూనె తగ్గించి కలిపిస్తా.

శారద_గోదారి

ఆ పని మాత్రం చేయకు తమ్ముడూ, ముక్క మునిగేంత నూనె లేకపోతే బూజు పడుతుంది. నూనె నిండా పొయ్యమను, తినేటప్పుడు ముక్కను జాడీ అంచుకు వార్చుకుని వేసుకో.